ఫెయిర్‌లో దిద్దిన తప్పులు

ప్రసన్నకుమారి ఆ పనికి ఒప్పుకోవడానికి ఒకటే కారణం. అందులో ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

డిప్లొమా మూడో ఏడాదిలో ఆరు నెలలు ఎక్కడో ఒకచోట ట్రైనింగు చెయ్యాలి. క్లాసులో సగం మంది హైదరాబాదు వెళ్లారు. పొద్దున భీమడోలులో పాసింజరు ఎక్కి సాయంత్రానికి ఇంటికి వచ్చేసే చోటు కావాలని ప్రసన్న వెతుక్కుంటే, తాడేపల్లిగూడెంలో జనార్దనరావు గారి వర్క్‌షాపు దొరికింది. చేపల చెరువుల్లో వేసే ఏరియేటర్లు తయారుచేస్తారక్కడ. నీళ్ల మీద తేలుతూ, చక్రాలతో నీళ్లు చిమ్ముతూ చేపకు గాలి అందించే యంత్రమది. మబ్బు పట్టిన రోజు అది తిరగకపోతే చేపలన్నీ నోళ్లు తెరుచుకుని పైకి వచ్చేస్తాయి. ఈ సంగతి ప్రసన్నకు ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ల నాన్న యేసుదాసు గుండుగొలను దిగువన ఒక ఆసామి చెరువులకు కాపలా. చక్రంలో గుర్రపుడెక్క చిక్కుకుంటే నడుం లోతు నీళ్లలోకి దిగి తీసేది ఆయనే.

జనార్దనరావు గారికి ఒకటే బాధ, ఫోన్లు. చక్రం వెనక్కి తిరుగుతోందని ఒకరు, గేరుబాక్సులోంచి ఆయిలు కారుతోందని ఇంకొకరు. పెళ్లి భోజనాల్లో విస్తరి ముందు కూర్చున్నా ఫోను మోగడమే. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న ఆయన కూతురు మనోజ్ఞ ఒకసారి ఇంటికొచ్చినప్పుడు ఇది చూసి విసుక్కుంది. "ఎందుకు నాన్నా ఈ గోల? అన్నీ ఒక్కసారి రాసి వెబ్‌సైటులో పెట్టెయ్యండి. నెట్టు లేనివాళ్లకి అదే సీడీలో వేసి ఇవ్వొచ్చు. డీలర్లందరి దగ్గరా కంప్యూటర్లున్నాయి కదా!"

అలా మొదలైంది. మనోజ్ఞ ఆఫీసు గదిలోని పాత కంప్యూటర్లో ఒక ప్రోగ్రాము ఎక్కించి, అరగంట ప్రసన్నకు చూపించి, ఆ సాయంత్రమే రైలెక్కేసింది. ప్రోగ్రాము సంగతి వినడానికి తేలికే. 'సోర్స్' అనే ఫోల్డర్లో ఒక్కో సంగతిని ఒక్కో ఫైలుగా మామూలు అక్షరాల్లో రాసుకోవాలి. నల్ల స్క్రీను తెరిచి ఒక్క లైను టైపు చేసి ఎంటరు కొట్టాలి. ఆ ఫైళ్లన్నిటికీ తలకట్టు, పక్కన విషయసూచిక, అడుగున కంపెనీ పేరు తగిలించి, చూడముచ్చటైన పేజీలుగా 'సైట్' అనే ఇంకో ఫోల్డర్లో పెట్టేస్తుంది. దాన్ని జనరేటరు అంటారు.

ఆ మాట విని హెడ్‌ మెకానిక్ యోబు షెడ్డులోంచి తొంగిచూశాడు. పెంటపాడు మనిషి. ఇరవై ఏళ్లుగా ఆ వర్క్‌షాపులోనే ఉన్నాడు. "జనరేటరా? మన వెనకాల ఉన్నది చాల్లేదాండీ? ఇది గంటకి డీజిలు ఎంత తాగుద్దంట?"

డీజిలు తాగలేదు గానీ ప్రసన్న రక్తం తాగింది. మొదటి రోజు ఆమె ఒక పేజీ మొత్తం తెలుగులో టైపు చేసి, నోట్‌ప్యాడ్‌లో దాచుకుని, టీ తాగి వచ్చి తెరిస్తే అక్షరం మిగల్లేదు. ఎక్కడ చూసినా ప్రశ్నార్థకాలే, చీమల బారులా. దాచేటప్పుడు కింద ఇంకో పెట్టెలో ఒక మాట మార్చాలని మనోజ్ఞ ఈమెయిల్లో జవాబిచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. అది సర్దుకున్నాక శీర్షికల గొడవ. 'గేరుబాక్సు' అని రాసి పక్కన రెండు చుక్కలు పెట్టి 'ఆయిలు మార్చే విధానం' అని రాస్తే, నల్ల స్క్రీను ఇంగ్లీషులో ఏదో అరిచి ఆగిపోయింది. పద్నాలుగో లైన్లో తప్పంటుంది. పద్నాలుగో లైను ఖాళీ. ఆ రెండు చుక్కలు శీర్షికలో ఉండకూడదని తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఈలోపు రోజూ మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా కరెంటు కోత. దాచుకోకుండా ఉన్నదంతా గుటుక్కున పోయేది. ప్రసన్న ఎవరినీ ఏమీ అనేది కాదు. పెదవి కొరుక్కుని మళ్లీ మొదటి అక్షరం నుంచి కొట్టేది.

కోపం తీర్చుకోవడానికి ఆమెకు డైరీ ఉంది. ఎరువుల కొట్టువాళ్లు నాన్నకిచ్చిన పోయినేడాది డైరీ. తేదీలు కలవవు, వారాలు కలవవు, అయినా కాగితం బాగుంటుంది. సాయంత్రం పాసింజర్లో కిటికీ పక్కన సీటు దొరికితే, బాదంపూడి దాటాక తెరిచి పుల్ల స్టేషను వచ్చేదాకా రాసేది. నోటితో అనలేనివన్నీ అందులో అనేది.

మొత్తానికి నెల తిరిగేసరికి పాత కరపత్రంలో ఉన్నదంతా ఎక్కించింది. పద్దెనిమిది పేజీలు. అప్పుడు జనార్దనరావు గారు అన్నారు: "శనివారం ఏలూరులో మన డీలర్ల మీటింగు. వంద సీడీలు పంచుదాం. యోబూ, అమ్మాయి రాసింది ఒకసారి చూడు. తప్పులుంటే చెప్పు. సీడీ చేతికి వెళ్లిపోయాక ఇక దిద్దడానికి ఉండదు."

ఆ మాట ప్రసన్న మనసులో నాటుకుపోయింది. సీడీ వెళ్లిపోయాక ఇక దిద్దడానికి ఉండదు.

యోబు మంగళవారం పొద్దున చేతులు తుడుచుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మొదటి వాక్యానికే నవ్వాడు. "'గేరుబాక్సునందు నూనె నింపవలెను.' ఎవరు రాశారే ఇది, బ్రిటిషువాళ్లా? ఎంత నింపవలెను? మూత దగ్గరుండే గాలి బిరడా తియ్యకుండా నింపితే సీలు తన్నేసి బయటికి రాదూ? రాయి. గాలి బిరడా ముందు తియ్యాలి."

అలా సాగింది. కరపత్రం చెప్పినదానికీ చెరువు గట్టు మీద జరిగేదానికీ పొంతనే లేదు. తేలే డబ్బాల బోల్టులు గట్టు మీదే బిగించెయ్యమని కరపత్రం. సగమే బిగించి, నీళ్లలో దింపాక పూర్తిగా బిగించాలని యోబు. తాళ్లు బిగుతుగా కట్టమని కరపత్రం. "బిగుతుగా కడితే నీళ్లు పెరిగిన రోజున మునిగి చస్తది. జానెడు వదులుండాలి. రాయి."

ప్రసన్న రాసేది. అక్కడే జరిగింది పొరపాటు.

ఊళ్లో హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా ఆమె చదివిన పద్ధతి ఒకటుంది. ప్రతి సబ్జెక్టుకూ రెండు పుస్తకాలు, రఫ్ ఒకటి, ఫెయిర్ ఒకటి. రఫ్‌లో ఎలా గిలికినా ఎవరూ అడగరు. ఫెయిర్‌కి అట్ట వెయ్యాలి, మార్జిను కొట్టాలి. ఇందుమతి టీచరు సంతకం పెట్టేది ఫెయిర్‌లో. తప్పుంటే ఎర్ర సిరాతో సున్నా చుట్టేది ఫెయిర్‌లో. ఆ తప్పు దిద్దుకోవలసింది కూడా ఫెయిర్‌లోనే. ఫెయిర్‌లోకి ఎక్కించాక రఫ్ మొహం మళ్లీ చూసినవాళ్లు లేరు. ఏడాది చివర రఫ్ పుస్తకాలన్నీ అచ్చమ్మ గారి కొట్టుకి వెళ్లి బఠాణీల పొట్లాలయ్యేవి. ఫెయిర్ మాత్రం ట్రంకుపెట్టెలోకి వెళ్లేది.

ప్రసన్నకు సోర్స్ అంటే రఫ్. సైట్ అంటే ఫెయిర్. యోబు తప్పు చూపించింది ఫెయిర్‌లో కదా, ఆమె ఫెయిర్‌నే దిద్దింది. అందంగా తయారైన పేజీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఆ గుర్తుల మధ్యలో వాక్యం వెతికి పట్టుకుని, మార్చి, దాచి, స్క్రీను మీద చూపించేది. మారిన మాట వెంటనే కనిపించేది. యోబు తలూపేవాడు. మంగళవారం ఒక పూట, బుధవారం రెండు పూటలు, గురువారం పొద్దున కాసేపు. తప్పొకటి దిద్దినప్పుడల్లా అట్టముక్క మీద ఒక గీత గీసుకుంది. నలభై మూడు గీతలు. మధ్యలో నల్ల స్క్రీను తెరవాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు.

గురువారం పదకొండింటికి జనార్దనరావు గారు ఒక కాగితం, తన ఫొటో తెచ్చి ఇచ్చారు. "డీలర్ల ఫోన్ నెంబర్లమ్మా. చివర ఒక పేజీ వెయ్యి. నా ఫొటో మొదటి పేజీలో పెట్టు."

కొత్త పేజీ కాబట్టి రఫ్‌లో రాసింది. నల్ల స్క్రీను తెరిచి ఎంటరు కొట్టింది. మూడు క్షణాలు పట్టింది. కొత్త పేజీ ముచ్చటగా వచ్చింది. ఒకసారి మొత్తం చూద్దామని పేజీలు తిప్పుతూ మూడో పేజీకి వచ్చింది.

'గేరుబాక్సునందు నూనె నింపవలెను.'

ప్రసన్న ఆ వాక్యం మళ్లీ చదివింది. నాలుగో పేజీ తెరిచింది. అయిదు. ఎనిమిది. యోబు చెప్పిన మాట ఒక్కటి లేదు. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది, ఏమైనా కనికరిస్తుందేమోనని. కనికరించలేదు.

జనార్దనరావు గారు బ్యాంకుకి వెళ్లాక ఆఫీసు ఫోను అందుకుని మనోజ్ఞకు చేసింది. ఆమె తనంతట తాను ఒకరికి ఫోను చెయ్యడం అదే మొదలు.

"అన్నీ పాతవే వచ్చాయి మేడమ్."

"పాతవెందుకొస్తాయి? సోర్సులో మార్చావు కదా?"

ప్రసన్న స్క్రీను మీద ఫోల్డరు పేరు చూసుకుంది.

"హలో? సోర్సులోనే కదా మార్చింది?"

"సైట్‌లో అండీ."

అవతల ఎవరో నవ్వుతున్న చప్పుడు, కీబోర్డుల చప్పుడు. "అయ్యో ప్రసన్నా! సైట్‌లో ఎవరైనా రాస్తారా? ఎంటరు కొట్టినప్పుడల్లా అది మొత్తం చెరిపేసి మొదట్నుంచి మళ్లీ తయారుచేస్తుంది. దాని పనే అది. కాపీ తీసి పెట్టుకున్నావా?"

"లేదండీ."

"ఇంకేం చేస్తాం. పోయినట్టే."

మీరు ఆ ముక్క చెప్పలేదండీ, అందామనుకుంది. గొంతు దాకా వచ్చింది. తీరా బయటికి వచ్చింది "సారీ మేడమ్" ఒక్కటే.

"అది కూడా చెప్పాలంటావా?" అంది మనోజ్ఞ, విసుగ్గా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి. "ఎవరికైనా తెలుస్తుంది కదా అనుకున్నాను. సరేలే, మీటింగు ఉంది, మళ్లీ చేస్తాను."

ప్రసన్న షెడ్డు వెనక్కి వెళ్లి టిఫిను క్యారియరు తెరిచింది. అన్నం దిగలేదు. ఆ జనరేటరు మీద మండిపోయింది. ఫెయిర్ పుస్తకాన్ని రోజూ చించి పారేసి, రఫ్‌ని నెత్తిన పెట్టుకునే బడి ఎక్కడైనా ఉంటుందా? ఆ కోపంతో డైరీ తీసింది, నాలుగు మాటలు అనడానికి. తీసి, కిందటి పేజీ చూసి ఆగిపోయింది.

'ఈ రోజు యోబు బాబాయ్ గారు నన్ను నాలుగుసార్లు తిట్టారు. మోటారు మీద వాన పడకుండా యూరియా బస్తా కప్పమని రాసినందుకు ఒకసారి. బస్తా కప్పితే గాలాడక మోటారు మాడి చస్తదంట, పైన రేకు నిలబెట్టాలంట. అది నేను రాయలేదు, కరపత్రంలో ఉంది. ఆ మాట చెప్పలేకపోయాను. కేబులు నీళ్లలో పడేసినందుకు ఒకసారి. గెడకర్రలకి కట్టాలంట. నేనేదో నా చేత్తో పడేసినట్టు...'

తిట్టిన ప్రతి తిట్టూ ఆమె రాసుకుంది. తిట్టుతో పాటు ఎందుకు తిట్టాడో కూడా రాసుకుంది. అన్నం పక్కన పెట్టి, మంగళ, బుధవారాల పేజీలు వేలు పెట్టి చదివింది. ఇరవై ఒక్క తప్పులు దొరికాయి. యోబు నవ్వుతూ చెప్పినవి, మామూలుగా చెప్పినవి ఒక్కటీ లేవు. మంచిగా మాట్లాడిన మాటలు ఆమె డైరీకి ఎక్కలేదు.

ఇంకా ఇరవై రెండు.

సాయంత్రం నాలుగున్నరకి యోబు ట్రాలీ ఆటోలోకి రెండు ఏరియేటర్లు ఎక్కిస్తున్నాడు. ప్రసన్న వెళ్లి నిలబడింది. ఆయన ఒక తాడు బిగించి, రెండో తాడు బిగించి, మూడోది అందుకున్నాడు.

"ఏంటమ్మా? బండికి టైమవ్వలేదా?"

"బాబాయ్ గారూ."

"ఊఁ."

"అవి... చెరిగిపోయాయండీ."

"ఏవి?"

"మీరు చెప్పినవండీ. మొత్తం."

యోబు చేతిలో తాడు వదిలేశాడు. "మూడ్రోజులు గొంతు ఎండిపోయేలా చెప్పానే! ఆ పెట్టెలో పెడితే చెక్కు చెదరదని కదే మీ మేడమ్ చెప్పింది. నా షెడ్డులో గోడ మీద సుద్దముక్కతో రాసుంటే ఈపాటికి పదేళ్లు ఉండేది."

"కొన్ని దొరికాయండీ. ఇరవై రెండు కావాలండీ." కళ్లు నేలలోంచి పైకి రాలేదు.

"చెప్పను," అన్నాడు యోబు. "చెప్పిందే చెప్పడం నా వల్ల కాదు. రేపు ఈ రెండూ మీ ఊరి పక్కనే బిగించాలి, మీ నాన్న కాసే చెరువులోనే. గట్టు మీద కూర్చో. నేను చేస్తాను, నువ్వు చూసి రాసుకో. పన్నెండు కల్లా అయిపోద్ది. ఆనక నీ ఇష్టం, నీ పెట్టె ఇష్టం."

శుక్రవారం పొద్దున యేసుదాసు సైకిలు మీద కూతుర్ని ఎక్కించుకుని గట్టు మీదికి తీసుకొచ్చాడు. దూరంగా కొల్లేరు వైపు నత్తగుల్ల కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి. యోబు అప్పటికే లుంగీ ఎగ్గట్టి పనిలో ఉన్నాడు. ప్రసన్న గొడుగు నీడలో డైరీ తెరుచుకుని కూర్చుంది. బోల్టులు సగం బిగించాడు, రాసింది. గాలి బిరడా తీశాడు, రాసింది. చక్రం తిప్పి చూస్తే వెనక్కి తిరిగి నీళ్లు గట్టు వైపు చిమ్మాయి. స్టార్టరు దగ్గర రెండు వైర్లు ఇటుదటు మార్చాడు. రాసింది. ఒక్కో పనికీ మొన్న విన్న మాట గుర్తుకొచ్చి టిక్కు పెట్టుకుంటోంది. మొన్న ఆయన చెప్పనివి కూడా చేస్తున్నాడు. వాటికి చుక్క పెట్టుకుంది.

తాళ్లు సర్దడానికి మళ్లీ చెరువులోకి వెళ్లాల్సి వచ్చింది. యోబు గట్టు మీద రేకుల పెట్టె తెరిచి మెయిను కిందకి దించి, మూడు పింగాణీ ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టుకుని, దోనె ఎక్కాడు. అంతా కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోయింది.

ప్రసన్న లేచి నిలబడింది. "బాబాయ్ గారూ, ఆ ఫ్యూజులు జేబులో ఎందుకండీ?"

"ఏ ఫ్యూజులు?" యోబు తన జేబు వైపు చూసుకున్నాడు. తాను వేసుకున్న సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు. "ఓ, ఇయ్యా. ఇది కూడా రాస్తావా ఏంటి? అందరికీ తెలిసిందే కదే."

గట్టు మీద తాడు పట్టుకుని నిలబడ్డ యేసుదాసు నవ్వాడు. "నేనైతే పీకి పెట్టె మీదే పెడతానండి. జేబులో బరువెందుకూ!"

యోబు గెడ ఆపేశాడు. దోనె నీళ్ల మీద అలాగే నిలిచింది.

"పెట్టె మీద పెడతావా?"

"ఆయ్. ఎదురుగానే ఉంటాయి కదండీ."

"ఎదురుగానే ఉంటాయి. నువ్వు నడుం లోతు నీళ్లలో చక్రం వెనకాల డెక్క లాగుతుంటావు. మీ ఆసామి కొడుకు బండేసుకుని వస్తాడు. నువ్వు కనబడవు. చక్రం ఆగిపోయుంది, ఫ్యూజులు ఎదురుగా ఉన్నాయి. ఏం చేస్తాడు?"

యేసుదాసు నవ్వు ఆగిపోయింది.

"ఎన్నాళ్లబట్టి ఇలా పెడుతున్నావు?"

"మిషన్లు వచ్చిన కాణ్నుంచీ. రెండేళ్లవుద్దండి."

"జేబులో ఉంటే వాడు నిన్ను కేకెయ్యక చస్తాడా? ఫ్యూజులేవి యేసుదాసూ అని అరుస్తాడు. అరిస్తే నువ్వు పలుకుతావు. పలికితే బతికున్నట్టు." యోబు గెడ మళ్లీ నీళ్లలో దించాడు. "రాసుకో అమ్మాయ్. పెద్దక్షరాల్తో రాసుకో."

ప్రసన్న పేజీ తిప్పి, కొత్త పేజీ పైన, అన్నిటికంటే ముందు అది రాసింది. నాన్న మొహం వైపు చూడలేకపోయింది. పద్దెనిమిది పేజీల్లోనూ లేదు ఇది. నలభై మూడు తప్పుల్లోనూ లేదు. కరపత్రం రాసినవాళ్లకి తెలీదు, తెలిసిన యోబుకి చెప్పాలని తోచలేదు, నీళ్లలోకి దిగే నాన్నకి ఎవరూ చెప్పలేదు.

పన్నెండుకి లెక్క చూసుకుంటే ఇరవై రెండులో పదిహేడు దొరికాయి. కొత్తవి ఆరు వచ్చాయి. మిగతా అయిదు ఏమిటో ఆమెకూ గుర్తు రాలేదు, యోబుకీ గుర్తు రాలేదు. ఆ అయిదూ పోయినట్టే.

రెండింటికి వర్క్‌షాపుకి చేరేసరికి కరెంటు పోయింది. నాలుగింటి దాకా చెమటలు కక్కుతూ కూర్చుని, ఏ ఫైల్లో ఏది మార్చాలో కాగితం మీద గీసుకుంది. కరెంటు వచ్చాక రఫ్‌లోనే దిద్దింది. ఒకటికి రెండుసార్లు పైన ఫోల్డరు పేరు చూసుకుని మరీ దిద్దింది. ఎంటరు కొడితే నల్ల స్క్రీను మళ్లీ అరిచింది. పద్నాలుగో లైను! ఫ్యూజుల సంగతి మొదటి పేజీలో ఎక్కిస్తూ, తొందరలో శీర్షికలో 'మొదటి అడుగు' పక్కన ఆ పాడు రెండు చుక్కలూ పెట్టేసింది. తీసేసింది. మళ్లీ కొట్టింది. ఈసారి వచ్చింది. నమ్మకం చాలక ఇంకోసారి కొట్టింది. మొత్తం చెరిపేసి మళ్లీ తయారుచేసినా మొదటి అడుగు అక్కడే ఉంది.

మాస్టరు సీడీ ఒకటి తీసిస్తే ఫొటో స్టూడియోవాళ్లు రాత్రికి వంద కాపీలు చేసిస్తామన్నారు. జనార్దనరావు గారు చెప్పులు వేసుకుని సిద్ధంగా నిలబడి స్క్రీను వైపు వంగారు.

"ఏంటమ్మా ఇది? మొదటి పేజీలోనే నీళ్లలోకి దిగేముందు మెయిను ఆపు, ఫ్యూజులు పీకు అంటున్నావు! కొనేవాడు బెదిరిపోడూ? శుభమా అని మొదలుపెడుతూ... చివర్లో ఎక్కడైనా పెట్టు."

అలాగేనండీ. ఆ మాట ఆమె నాలుక చివర ఎప్పుడూ తయారుగా ఉంటుంది. చేరిన దగ్గర్నుంచీ ఆ ఆఫీసులో ఆమె ఎక్కువసార్లు అన్న మాట అదే.

"చివరిదాకా ఎవరూ చదవరండీ," అంది.

ఆయన చెప్పులోంచి కాలు తీశారు. "ఏంటీ?"

"మా నాన్న చదవరండీ. మొదటి పేజీ చదివేసరికే ఆయనకి కళ్లు నొప్పెడతాయండీ. చెరువు కాపలా అండీ ఆయన. ఫ్యూజులు పెట్టె మీద పెట్టి నీళ్లలోకి దిగేవారండీ, ఈ రోజు పొద్దుటిదాకా." స్క్రీను మీద ఆ వాక్యం దగ్గర వేలు పెట్టింది. "మొదట్లోనే ఉండాలండీ."

జనార్దనరావు గారు ఆమె వైపు, స్క్రీను వైపు, మళ్లీ ఆమె వైపు చూశారు. ఈ పిల్లకి నోరుందని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

"సరే, ఉంచు. కానీ నా ఫొటో మాత్రం కిందకి తొయ్యకు."

శనివారం సీడీలు పంచారు. కైకలూరు, ఆకివీడు, ఏలూరు డీలర్లు వాటిని భోజనాల సంచుల్లో వేసుకుని వెళ్లారు. ఫొటో బాగా వచ్చిందన్నారట. లోపల ఏముందో ఎవరైనా చూశారో లేదో తెలియదు.

ఆదివారం ఆకాశం ముసురేసింది. ఊళ్లో చర్చిలో ఆరాధన మొదలయ్యాక యేసుదాసు పరుగున వచ్చి మగవాళ్ల వైపు చివరి వరసలో కూర్చున్నాడు. తెల్ల చొక్కా మోచేతుల దాకా తడిసి ఉంది. దారిలో చెరువు చూసుకుని వస్తానని ఆరింటికే బయల్దేరాడు, డెక్క పడి ఆలస్యమైనట్టుంది. ఆడవాళ్ల వైపు వాళ్లమ్మ సరోజ పక్కన కూర్చున్న ప్రసన్న ఆయన్ని చూసి నిశ్చింతగా పాటల పుస్తకంలోకి తల దించుకుంది.

కానుకల సంచి వరస వెంట వచ్చింది. యేసుదాసు జేబు గుండీ తీసి చెయ్యి పెట్టాడు. నోటుతో పాటు తెల్లటి పింగాణీ ఫ్యూజు ఒకటి బయటికి దూకి గచ్చు మీద టంగుమంది. వెనకే రెండోది. తర్వాత మూడోది, దొర్లుకుంటూ ముందు వరస దాకా. పిల్లలు కిసుక్కున నవ్వారు. నెహెమ్యా పాస్టరు గారు ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచారు.

యేసుదాసు సిగ్గుపడలేదు. ఆడవాళ్ల వైపు తిరిగి కూతురి కోసం వెతికి, ఒక ఫ్యూజు పైకెత్తి చూపించాడు. చూశావా, జేబులోనే పెట్టాను. ప్రసన్నకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

అంతలో ఆయన మొహం మారిపోయింది. కిటికీలోంచి ముసురు వైపు చూశాడు. చేతిలో ఫ్యూజు వైపు చూశాడు. ఫ్యూజులు ఇక్కడుంటే చక్రం తిరగడం లేదు. మబ్బు పట్టి ఉంది. డెక్క తీసి గంటన్నరయింది. మిగతా రెండూ ఏరుకుని, ఎవరి కాలో తొక్కుకుంటూ, ఆమెన్ అనకుండానే బయటికి పరిగెత్తాడు. సైకిలు స్టాండు తన్నిన చప్పుడు వినిపించింది.

ప్రసన్న కళ్లు మూసుకుని పేజీ మొత్తం గుర్తు తెచ్చుకుంది. మెయిను ఆపాలి. మూడు ఫ్యూజులూ పీకాలి. జేబులో వేసుకుని గుండీ పెట్టుకోవాలి. దిగాలి. డెక్క తియ్యాలి. పైకి రావాలి. కాళ్లు కడుక్కోమని కూడా రాసింది. ఫ్యూజులు మళ్లీ పెట్టమని ఎక్కడా రాయలేదు. వంద సీడీల్లోనూ రాయలేదు.

సరోజ చెవి దగ్గరికి వంగింది. "ఏమే, ఇంత చదువు చదివావు. తీసినవి మళ్లీ పెట్టమని రాయలేదా నువ్వు?"

అది కూడా చెప్పాలా అమ్మా, అనబోయింది ప్రసన్న. ఆ మాట ఎవరెవరి నోట విన్నదో గుర్తొచ్చి పళ్లు బిగపట్టింది. సంచిలోంచి డైరీ తీసి, పాటల పుస్తకం చాటున, ప్రార్థన జరుగుతుండగానే రాసుకుంది. సోమవారం పొద్దున, రఫ్‌లో, ఎనిమిదో అడుగు.